అద్దకం బల్ల ముందు బిగిసిన వీపు

ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలూ, మీ పుస్తకంలో వీపు కండరాల బొమ్మ ఒకటి ఉంటుంది. ఎర్రగా, నీటుగా, ఏ పోగుకా పోగు విడదీసి వేసి ఉంటుంది. దాన్ని బాగా చదవండి. పరీక్షలో వస్తుంది, ఉద్యోగంలోనూ పనికొస్తుంది. కాకపోతే ఆ బొమ్మలో మనిషికి చేసే పని ఉండదు, ఎదురుగా నిలబడే బావమరిది ఉండడు. ఈ ముక్క నాకు తెలిసేసరికి సర్వీసులో ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. తెలిసిన రోజున మాత్రం, చెప్తే నమ్మరు, చిన్నపిల్లలా గెంతాను.

మా ఇల్లు గుడివాడలో. ఉద్యోగం బందరులో, ఒక ఆసుపత్రిలో. రోజూ పొద్దున్నే పాసింజరు ఎక్కేదాన్ని. కిటికీ పక్క సీటు కోసం నేను పెట్టిన పేచీలు ఆ బండిలో వచ్చే టీచర్లందరికీ తెలుసు. మా గదిలో రెండు మంచాలు, కాపడం పెట్టె, నడుం సాగదీసే, కిర్రుమనే ట్రాక్షన్ బల్ల, నేను, మా అటెండరు. అటెండరుది చిలకలపూడి. వయసులో ఉండగా రోల్డ్‌గోల్డ్ గొలుసులకి కొక్కేలు అతికేవాడట. కళ్లు మంటలెత్తుతున్నాయని ఆ పని మానేసి ఆసుపత్రిలో చేరాడు. మాట తక్కువ. కానీ అంతంత సన్న పని చేసిన కళ్లు కదా, ఆయనకి కనబడనిది లేదు. నేను పావుగంట తడిమి కనుక్కున్నదాన్ని ఆయన గుమ్మంలో నిలబడి చూసే చెప్పేసేవాడు. నాకు ఒళ్లు మండేది.

నేను రిటైరవడానికి రెండు మూడేళ్ల ముందు మాట ఇది. పెడన నించి ఒకాయన వచ్చాడు. కలంకారీ అద్దకం పనివాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు. సన్నటి మనిషి, గోళ్ల సందుల్లో ఎర్రరంగు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. వెనక్కి వాలమంటే, "పర్లేదండి" అన్నాడు. వాలలేడు, అదీ సంగతి. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసకి రెండు పక్కలా కండరాలు చెక్క ముక్కల్లా తగిలాయి. ఎక్స్‌రే బాగానే ఉంది. స్కానింగూ బాగానే ఉంది. డాక్టరు గారు కండరాలు పట్టేశాయని రాసి, కాస్త టెన్షన్ తగ్గించుకోమని చెప్పి, నా దగ్గరికి పంపారు.

ఆయన పక్కన భార్య ఉంది. మాటలన్నీ ఆవిడే చెప్పింది.

"ఎనిమిది నెలల నించి ఇంతేనండీ. పొద్దున్నే చొక్కా తొడుక్కోవాలన్నా నేను సాయం పట్టాలి. కృత్తివెన్నులో మా పిన్ని కొడుక్కి తెలిసిన రొయ్యల చెరువులున్నాయండి. కాపలాకి మనిషి కావాలంట. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నారు. అప్పటికీ నడుం ఇట్టాగే ఉంటే ఈ పని మానేసి అక్కడికెళ్లిపోతానంటన్నారండి ఈయన."

"మీకు ఇష్టమేనా?" అని ఆయన్ని అడిగాను.

ఆయన చేతులకేసి చూసుకున్నాడు. "అద్దకం మా నాన్న దగ్గర నేర్చుకున్నానండి. నాకు ఇంకో పని రాదు. చెరువు గట్టు మీద ఈ చేతులతో చేసేదేముందండి, టార్చిలైటు పట్టుకోటం తప్ప."

నెలాఖరుకి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. ఈ మనిషి చేతిలోంచి అద్దకం అచ్చు జారిపోకుండా చూస్తానని అక్కడికక్కడే అనేసుకున్నాను. పైకి అన్నానేమో కూడా, ఎందుకంటే అటెండరు నాకేసి అదోలా చూశాడు.

నాలుగు రోజులు కాపడం, మర్దన, ఊపిరి వ్యాయామాలు. మంచం మీద పడుకోబెడితే మెల్లగా వదిలేది. మర్నాడు వచ్చేసరికి మళ్లీ బిగుసుకునేది. ఐదో రోజున నేను పెద్ద తెలివిగా, పుస్తకంలో రాసినట్టే అడిగాను: "మనసులో ఏమన్నా బాధ పెట్టుకున్నారా?"

ఆయన మొహం మాడిపోయింది. "నాకేం బాధండీ. నాకు నొప్పి వీపులోనండి, తలకాయలో కాదు" అన్నాడు. మర్నాడు రాలేదు. ఆ తరవాతి రోజూ రాలేదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. నొప్పితో వచ్చినవాడిని మనసు సంగతి అడిగితే, నీ నొప్పి ఉత్తుత్తిదని అన్నట్టే వినబడుతుంది. అడగకూడదని కాదు. నేను అడిగిన పద్ధతి అలా ఏడిచింది.

మూడో రోజు పాసింజరు పెడనలో ఆగితే నేను దిగిపోయాను. ఆయన రాకపోతే నేనే వెళ్తాను, ఏమవుతుంది? ఆసుపత్రికి ఫోన్ చేసి గంట ఆలస్యమవుతుందని చెప్పాను. అడుగుతూ అడుగుతూ అద్దకం షెడ్డు పట్టుకున్నాను. లోపలికి వెళ్లగానే కరక్కాయ వాసన, తడిబట్ట వాసన, దబ్ దబ్‌మని చప్పుళ్లు. పొడుగాటి బల్లలు, వాటి మీద గోనె, గోనె మీద మెత్తటి బట్ట, దాని మీద దుప్పటి పరిచి ఉంది. చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద గురి చూసి పెట్టి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ. మళ్లీ రంగు, మళ్లీ గురి, మళ్లీ దెబ్బ. రోజుకి ఎన్ని వందల సార్లో. పెద్ద దుప్పట్లకైతే ఇద్దరు బల్లకి చెరో పక్కా నిలబడతారు. ఆ రోజు మావాడికి, అంటే నా పెడన పేషెంటుకి, ఎదురుగా ఒక ముసలాయన ఉన్నాడు. అచ్చు మీద కొట్టే ముందు ప్రతిసారీ "ఊఁ" అంటున్నాడు. వయసు మీద పడ్డవాళ్లకి ఉండే అలవాటేమో అనుకుని వదిలేశాను. ఆ ముసలాయన ఊఁకారాన్ని వదిలేసినందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

నా కళ్లు వేరేదాని మీద ఉన్నాయి. బల్ల! మావాడు పొడుగు, బల్ల పొట్టి. రోజంతా నడుం దగ్గర విరిగినట్టు వంగి పనిచేస్తున్నాడు. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. షెడ్డు యజమానిని పిలిచి, అరగంట ఉపన్యాసం ఇచ్చి, బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టించాను. రంగు ట్రే వెనకవైపు ఉంటే పక్కకి జరిపించాను. ఒక కాలు పెట్టుకోవడానికి చిన్న చెక్క వేయించాను. మావాడు నిటారుగా నిలబడి ఒక అచ్చు వేసి, నాకేసి తిరిగి మొదటిసారి నవ్వాడు.

వారం తిరిగేసరికి వీపు సగానికి సగం వదిలింది. చొక్కా తనే తొడుక్కుంటున్నాడని భార్య వచ్చి చెప్పింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ఇటుకల ఫొటో ఫోనులో పెట్టుకుని కనబడ్డవాళ్లకల్లా చూపించాను. ట్రైనింగుకి వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి క్లాసు పీకాను. డాక్టరు గారు "భలే పట్టుకున్నారండీ" అన్నారు. బందరు హల్వా తెప్పించి డిపార్టుమెంటంతా పంచాను. అందరూ తిన్నారు. అటెండరు మాత్రం తన ముక్క చేతిలో పట్టుకుని, "నెలాఖరు దాకా ఆగాల్సిందేమోనండీ" అన్నాడు. నోరు మంచిది కాదని ఆయన్ని విసుక్కున్నాను.

ఇటుకలు పెట్టిన పన్నెండో రోజున మావాడు గుమ్మంలో కనబడ్డాడు. భార్య భుజం పట్టుకుని నడుస్తున్నాడు. చెయ్యి వేసి చూస్తే మొదటికన్నా ఘోరంగా ఉంది. అటు కుడిభుజం దాకా పాకింది.

"ఇటుకలు తీసేశారా?" అని గద్దించాను.

"లేదండి. ఉన్నయ్యండి."

"మరి వ్యాయామాలు మానేశారా?"

"చేస్తన్నానండి. మీరు రాసిచ్చినియ్యన్నీ చేస్తన్నానండి." ఆయన చేతులు జోడించాడు. "మీరు చాలా చేశారు మేడం గారూ. ఇంక వదిలెయ్యండి. ఎల్లుండి సాయంత్రం కృత్తివెన్ను నించి ఫోన్ చేస్తానన్నారు. వస్తన్నానని చెప్పేస్తాను."

భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇటుకల ఫొటో చూసి మెచ్చుకున్నవాళ్లందరూ వరసగా గుర్తొచ్చారు. సిగ్గు ఒకవైపు, ఆయన చేతులు చూస్తే దిగులు ఒకవైపు. వాళ్లిద్దరూ వెళ్లాక కుర్చీలో కూలబడ్డాను.

అటెండరు కాపడం గుడ్డలు ఆరేస్తూ, నాకేసి చూడకుండానే అడిగాడు: "మేడం గారూ, మీరు ఎళ్లిన రోజున ఆయనకి ఎదర నిలబడ్డది ఎవరండీ?"

"ఎవరో ముసలాయన. అయితే?"

"రోజూ నిలబడేది ఆయన బావమరిదంటండి. ఇందాక ఆవిడ చెప్తంటే విన్నాను. ఆ కుర్రాడు పెళ్లికని అవనిగడ్డ ఎళ్లి పది రోజులు ఉండిపోయాడంట. వచ్చి రెండు రోజులయిందంటండి."

నేను వేళ్ల మీద లెక్క వేశాను. నొప్పి తగ్గిన రోజులు, బావమరిది ఊళ్లో లేని రోజులు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. పిల్లలూ, ఆ క్షణంలో ఆగలేక కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగాను. నేను ఓడిపోయానన్న సంగతే మర్చిపోయాను. అటెండరుకి దణ్ణం పెట్టాను. ఆయన సిగ్గుపడి గుడ్డలతో బయటికి వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున, అంటే ఆ ఫోను రావాల్సిన రోజు పొద్దున, మళ్లీ పెడనలో దిగాను. ఈసారి తీరిగ్గా ఉండాలని పూటంతా సెలవు పెట్టాను. మావాడు బల్ల దగ్గరే ఉన్నాడు. ఆఖరి దుప్పటి పూర్తిచేసి వెళ్తానని యజమానికి మాట ఇచ్చాడట. ఎదురుగా బావమరిది. ముప్పై అయిదేళ్లుంటాయి. గట్టి మనిషి, తలెత్తకుండా పనిచేసుకుంటున్నాడు. నన్ను చూసి ఇద్దరూ నమస్కారం పెట్టారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు.

"మీ పని మీరు చేసుకోండి. నేను వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేస్తాను, అంతే" అన్నాను. షెడ్డులో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వనీ. రెండు అరచేతులూ ఆయన వీపు మీద ఆనించి కళ్లు మూసుకున్నాను.

దబ్. అది మావాడి దెబ్బ. వీపు మామూలుగానే ఉంది. పని చేసే వీపు ఎంత బిగియాలో అంతే బిగిసింది, వదిలింది. మళ్లీ దబ్. అదీ ఆయనదే. ఆ తరవాత ఏ చప్పుడూ లేకుండానే నా చేతుల కింద కండరాలు లేచి గట్టిపడ్డాయి. ఊపిరి ఆగింది. ఒక క్షణం గడిచాక ఎదుటివైపు నించి దబ్‌మని పడింది. బల్ల అదిరింది. అప్పటికి గానీ వీపు వదల్లేదు, అదీ పూర్తిగా కాదు.

ఇంకో పది దెబ్బలు చూశాను. ఇంకో ఇరవై చూశాను. ప్రతిసారీ అంతే. తన దెబ్బకి బాగానే ఉంది. ఎదుటివాడి దెబ్బ పడకముందే, పడబోతోందని బిగుసుకుంటోంది. ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి మధ్యలో కూడా పూర్తిగా వదలడం లేదు. దెబ్బ తినబోయేవాడు ఎలా బిగుసుకుంటాడో అలా. ఎనిమిది గంటలు, ఎనిమిది నెలలు. ఏ కండరం ఊరుకుంటుంది?

"దొరికింది!" అని అరిచాను. షెడ్డంతా పని ఆపి నాకేసి తిరిగింది. నిజంగానే గెంతాను, ఒక మూకుడులో రంగు కూడా ఒలికింది.

"బాబూ, మీరు కొట్టేముందు ఒక్క మాట చెప్పొచ్చు కదా? చెప్తే ఈయన ఒళ్లు ఊరికే కాచుకుని కూర్చోదు" అని బావమరిదితో అన్నాను.

ఆ రోజు ఎదురుగా నిలబడ్డ ముసలాయన పక్క బల్ల దగ్గర ఉన్నాడు. మెల్లగా అందుకున్నాడు.

"చెప్పాలండీ. అది మా పద్ధతేనండి. ఒక బల్ల మీద ఇద్దరుంటే, కొట్టేవాడు ముందు ఊఁ అనాలి. ఎదుటోడు అచ్చు పైకెత్తి పట్టుకుంటాడు. లేపోతే అదురుకి అచ్చు జరిగి బొమ్మ చెదిరిపోద్దండి. వీళ్లిద్దరూ ఎనిమిది నెలల నించి అనటం మానేశారు. ఒకళ్లనొకళ్లు ఓరకంట చూసుకుంటా అద్దుతున్నారు. మేం చెప్పి చెప్పి ఊరుకున్నాం."

"ఎందుకు మానేశారు?" అన్నాను. ఇప్పుడైతే అలా నలుగురిలో నిలదియ్యను. అప్పుడు నా ఉత్సాహం నన్ను ఆగనివ్వలేదు.

మావాడు చేతిలో అచ్చుని కిందపెట్టాడు. నా చేతులు ఇంకా ఆయన వీపు మీదే ఉన్నాయి. ఆయన మాట రాకముందే వీపు రాయిలా అయింది.

"చిలకల దుప్పటండి" అన్నాడు. "పెద్ద ఆర్డరు. దుప్పటి నిండా చిలకల వరసలు. బల్ల మధ్యలో, ఇద్దరి చేతులూ అందేచోట, ఒక చిలక తలకిందులుగా పడింది. అచ్చు పిడి మీద పైవైపుకి గాటు ఉంటదండి, చూసుకుని పట్టుకోవాలి. చూసుకోలేదు. ముప్పై ఏళ్ల పనోడు చెయ్యాల్సిన తప్పు కాదండి అది. యజమాని వచ్చి చూసి వీణ్ణి తిట్టారు. వీడు చిన్నోడు కదా, వీడే చేసుంటాడనుకున్నారు. అందరి ముందూ నానా మాటలన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరెత్తలేదండి. అది కొట్టింది నేనేనండి."

"నాకు కాదు, ఆయనకి చెప్పండి" అన్నాను.

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. బావమరిదే అందుకున్నాడు.

"ఆయన కొట్టాడని నాకు అప్పుడే తెలుసండి. అచ్చు ఆయన చేతిలోనే ఉంది కదా. తిట్లు తిన్నందుక్కాదండి నాకు. ఆ సాయంత్రం ఇద్దరం ఒకే బండి మీద ఇంటికెళ్లాం. దారంతా చూశాను, ఒక్క మాట అంటాడేమోనని. ఇంటి దగ్గర దిగాక నాకేసి తిరిగాడు. ఇప్పుడంటాడనుకున్నాను. టీ తాగుతావా అన్నాడండి."

షెడ్డులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"సిగ్గేసిందిరా" అన్నాడు మావాడు. "నిన్ను చెయ్యి పట్టి పనిలోకి తెచ్చింది నేను. నా తప్పు నీ మీద పడితే చూస్తా ఊరుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పనురా? చెప్పకపోతే మర్చిపోతావనుకున్నాను. నువ్వు ఎదర నిలబడి అచ్చు మీద కొడతంటే, ప్రతి దెబ్బా నా వీపు మీద పడ్డట్టే ఉండేది. తప్పు నాదేరా."

నేను నిలబడ్డచోటే ఏడ్చేశాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నా అరచేతుల కింద ఆ వీపు ఒక్కసారి పెద్దగా పైకి లేచి, వణికి, కిందికి దిగింది. ముప్పై ఏళ్లలో ఎంతోమందికి ఊపిరి వదలమని చెప్పాను. అలా వదిలిన మనిషిని అప్పుడే చూశాను.

మళ్లీ హల్వా పంచే రకం కాదు నేను, బుద్ధొచ్చింది. అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నాను. ఆ ఒక్క రోజుతో నడుం బాగుపడిపోలేదు. ఎనిమిది నెలలు బిగిసిన కండరానికి వదలడం మళ్లీ నేర్పాలి. రెండు నెలలు పట్టింది. కాపడం కావాల్సి వచ్చింది, వ్యాయామాలు కావాల్సి వచ్చాయి. ఇటుకలు తీసేసి చూస్తే మళ్లీ పట్టేసింది, కాబట్టి ఇటుకలూ అబద్ధం కాదు. బావమరిదికి మెడనొప్పి ఉందని, ఎనిమిది నెలలుగా మందుల షాపులో బిళ్లలు కొనుక్కుని మింగుతున్నాడని తరవాత తెలిసింది. అతన్నీ మంచం ఎక్కించాను. వీపు పని వల్ల పట్టేసిందా, బాధ వల్ల పట్టేసిందా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. వంగిన నడుం, కాచుకుని కూర్చున్న మనసు, రెండూ లాగింది ఆ ఒక్క కండరాన్నే. దానికి ఏది ఎవరిదో తెలియదు. మనం రెండు వైపులా చూడాలి, అంతే.

ఆ పూటకే వస్తాను. ముసలాయన అందరికీ టీ తెప్పించాడు. తాగి మళ్లీ పని మొదలుపెట్టారు. మొదటి నాలుగు దెబ్బలకి ఇద్దరికీ నోరు పెగల్లేదు. అయిదో దెబ్బకి బావమరిది బల్ల కేసి చూస్తూనే "ఊఁ" అన్నాడు, కాస్త బెరుగ్గా. మావాడు అచ్చు పైకెత్తి పట్టుకున్నాడు. నేను వెంటనే చెయ్యి వేసి చూశాను. మెత్తగా ఉంది.

సాయంత్రం రావాల్సిన ఫోను మధ్యాహ్నమే వచ్చింది. మావాడి చేతుల నిండా ఎర్రరంగు. ఫోను చొక్కా జేబులో మోగుతోంది. తీసి చెవి దగ్గర పెట్టమన్నట్టు నాకేసి చూశాడు. నేను కదిలేలోపు బావమరిది బల్ల చుట్టూ తిరిగి వచ్చి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ఆ జేబులోంచి ఫోను తీశాడు.

"ఆఁ, చెప్పండి... కృత్తివెన్నేనాండి? ఆయన రాడండి. లేదండి, జీతం సంగతి కాదు. నేనాండీ? నేను ఆయన బావమరిదినండి." కాసేపు అటువైపు మాటలు విన్నాడు. తరవాత, బావ మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పాడు. "వేరేవాళ్లని చూసుకోండి. మా బల్లకి ఇద్దరు కావాలండి."